మనిషికొక కంచం

అత్తాపూర్, హైదరాబాద్

చి.సౌ. సునీతకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు "దసరా సెలవుల్లో 1 నుంచి 100 పదిసార్లు రాయమన్నారు నాన్నా, వాడికి ఒక్కసారి రాయడం కూడా రావట్లేదు" అని టెన్షన్ పడుతుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. నువ్వు ఫోన్ పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

సెలవులకు మా దగ్గరికి వచ్చిన రోజే చిన్నూ వన్ నుంచి హండ్రెడ్ గడగడా అప్పజెప్పాడు. మీ అమ్మ మురిసిపోయి దిష్టి తీసింది. నేను ఏడు చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాను. వేలు పెట్టి చక్కగా ఏడు దాకా వచ్చాడు. "అయితే ఎన్నిరా?" అంటే మళ్ళీ వన్ నుంచి మొదలెట్టాడు. చివర పలికిన అంకే మొత్తం అని వాడికింకా తెలీదు. అవే గింజల్ని కాస్త ఎడంగా పరిస్తే "ఇప్పుడు ఎక్కువయ్యాయి తాతా" అన్నాడు. మా టీచర్ ట్రైనింగులో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే పాఠంలో అచ్చం ఇదే ఉండేది. బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్చిపోయాను. నువ్వు కంగారు పడకు. నాలుగున్నరేళ్ళ పిల్లలు అంతే, ఆరేడేళ్ళకు సర్దుకుంటుంది.

మర్నాటి నుంచి మీ అమ్మ వాడికి కంచాలు పెట్టే పని అప్పగించింది. మీ మేనత్త వాళ్ళు కూడా ఉన్నారు, మొత్తం ఐదుగురం. "ఐదు తే" అంటే చేతికందినన్ని తెచ్చాడు. "మనిషికొకటి పెట్టరా" అంది. ఇక చూడు, తాతకొకటి, అమ్మమ్మకొకటి అనుకుంటూ వంటింటికీ హాలుకీ ఐదుసార్లు తిరిగాడు. నాలుగో రోజు వంటింటి గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ చూసి, వేళ్ళు మడుచుకుని, ఐదూ ఒక్కసారే తెచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను గానీ పిల్లాడికి లెక్క అందడం ఇంత దగ్గర నుంచి చూడలేదు. నలభైమంది ఉన్న క్లాసులో అది కనిపించదు.

థర్టీన్‌కీ థర్టీకీ తికమక పడుతున్నాడన్నావు. తెలుగులో చెప్పి చూడు. పదమూడులో పదీ మూడూ వినిపిస్తాయి, ముప్పైతో కలిసిపోదు. ఇరవై ఒకటి ఎలా పలుకుతామో అలాగే రాస్తాం, 2 ముందు, 1 తర్వాత. పదకొండు, పన్నెండు మాత్రం మొండివి, ఊరికే గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు అంకెలు ఎలాగూ బడిలో వస్తాయి.

మెహిదీపట్నం రైతుబజారు నుంచి ఆటోలో వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నంబర్లు చదివిస్తున్నాను, మనం అడ్రసు చెప్పుకునేవే. ఇంటికొస్తుంటే పెరుగుతాయి, వెళ్తుంటే తగ్గుతాయి. మొన్న వెళ్తూ అది వాడే కనిపెట్టి "తాతా, రివర్స్!" అని అరిచాడు. ఆటో అతను హడలిపోయి బ్రేకేశాడు.

ఇక ఆ 1 నుంచి 100. చిన్నపిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడ్డానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లోనే ఒకటో తరగతికి ముందు పిల్లలకు పెట్టిన లక్ష్యం 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవడం. 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతి పని. వీడింకా ఎల్‌కేజీ. మిస్‌తో గొడవ పెట్టుకోమనట్లేదు. రోజుకో వరస రాయించు, మిగతా టైము నీ పక్కన వంటింట్లో కూర్చోబెట్టుకో.

ఎనిమిదో ఎక్కం తప్పావని నిన్ను స్కేలుతో కొట్టిన సాయంత్రం నాకు గుర్తుంది. నీకూ ఉండే ఉంటుంది. ఇప్పటికీ బజార్లో చిల్లర లెక్క అల్లుడి మీదకు నెట్టేస్తావు. బడి పిల్లల దగ్గరున్న ఓపిక నాకు ఇంటికొచ్చేసరికి ఉండేది కాదు. తప్పు నాదమ్మా. వాడి ముందు మాత్రం "నాకు లెక్కలు రావు" అనకు.

శనివారం వాణ్ణి దింపేటప్పుడు మన పాత గవ్వలు కూడా తెస్తాను. సుద్దముక్కతో గళ్ళు గీస్తే అష్టాచెమ్మాకు చాలు. రెండు పడ్డా, మూడు పడ్డా వాడిప్పుడు లెక్కపెట్టట్లేదు, చూసి చెప్పేస్తున్నాడు. రాత్రి సంచి బోర్లించగానే "ఒకటి లేదు" అన్నాడు. చూస్తే మూడే ఉన్నాయి. నాలుగోదాని కోసం మంచం కింద వెతుకుతున్నాం.

మీ నాన్న