అప్పు అడగడానికి దొరికిన ఫోన్ నంబరు, సమన్లకు ఎందుకు దొరకలేదు?

రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా కేసులో జోక్యం చేసుకోమని ఈ ఉత్తరం రాయడం లేదు. తీర్పు చెప్పడం కోర్టు పని. మీ శాఖ చేయగలిగింది ఒకటుంది, దాని గురించే రాస్తున్నాను.

మాది ఉత్తరాంధ్రలో ఒక పల్లె. నాన్న తాపీ మేస్త్రీ. పన్నెండేళ్లుగా అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనే ఉంటున్నారు. ఊళ్లో ఇంటి తాళం తీసేది సంక్రాంతికే. ఊరి మనిషి ఒకాయన ప్రాంసరీ నోటు మీద నాన్నపై దావా వేశాడు. అప్పు చేసిన మాట నిజమే. సగానికి పైగా తీర్చాడు కూడా. కానీ నోటు వెనక చెల్లు రాయించుకోలేదు. (రాయమని అడిగితే నమ్మకం లేదా అని మొహం చిన్నబుచ్చుకుంటారు కదా!)

సమన్లు తాళం వేసిన తలుపుకి అంటించారు. తర్వాత పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ప్రకటన వేశారు. నాన్న రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం లేకుండానే చెప్పే తీర్పు) ఇచ్చారు. ఇల్లు జప్తు చేయడానికి కోర్టు అమీను వచ్చాడని పక్కింటి పిన్ని ఫోన్ చేసేదాకా మాకేమీ తెలియదు.

తెలిసిన 19వ రోజున, డిక్రీ రద్దు చేసి మా మాట కూడా వినమని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేశాం. కొట్టేశారు. పేపర్లో వేశాక సమన్లు అందినట్టేనట, డిక్రీ తేదీ నుంచి లెక్కేస్తే గడువు దాటిపోయిందట.

లాయరు గారు కోర్టు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్ 123 తీసి చూపించారు. గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులూ డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి మొదలవుతాయి. దాని కిందే ఒక వివరణ: సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 20 కింద, అంటే గోడకు అంటించో పేపర్లో వేయించో చేసినదాన్ని, ఈ లెక్కకు సరైన అందజేతగా చూడకూడదు. 1963 నాటి చట్టం ఇది. నేను లాయర్ని కాను, నాకే అర్థమైంది.

ఆర్డర్ 43 కింద పై కోర్టులో అప్పీలు (సీఎంఏ అంటారు) వేశాం. దారి ఉంది, కాదనను. కానీ అప్పీలు వేసినంత మాత్రాన జప్తు ఆగదు, స్టేకి వేరే పిటిషన్ పెట్టాలి. స్టే వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. వాయిదాకి వచ్చినప్పుడల్లా నాన్నకి రెండు రోజుల కూలి పోతుంది, రైలు చార్జీలు అదనం.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ఆ అప్పిచ్చినాయన నెలకోసారి నాన్నకి ఫోన్ చేసి డబ్బు అడిగేవాడు. దావా కాగితాల్లో మాత్రం ఆ నంబరు లేదు, తాళం వేసిన ఇంటి అడ్రసే ఉంది. పేపరు ప్రకటన కూడా మనిషి చివరిగా ఉన్నట్టు తెలిసిన చోట తిరిగే పేపర్లో వేస్తే చాలంటుంది రూలు. నాన్న ఇటుకలు పేరుస్తున్నది మియాపూర్‌లో.

2020 జూలైలో, కరోనా రోజుల్లో, వాట్సాప్‌లో నోటీసులు పంపడానికి సుప్రీంకోర్టే ఒప్పుకుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) క్రిమినల్ సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపే వీలు కల్పించింది. సివిల్ దావాల రూల్సు మార్చే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 122 కింద హైకోర్టుది. అయితే సెక్షన్ 126 ప్రకారం ముందుగా ప్రభుత్వ ఆమోదం కావాలి, అంటే ఆ ఫైలు మీ దగ్గరికి రావాల్సిందే. వచ్చేదాకా ఆగకుండా మీ శాఖే హైకోర్టుకి ప్రతిపాదన పంపండి. పేపరు ప్రకటనకి అనుమతి అడిగే ముందు, ప్రతివాది ఫోన్ నంబరు తెలుసో లేదో వాది ప్రమాణపూర్వకంగా చెప్పాలి. తెలిస్తే ఆ నంబరుకి కోర్టు నుంచి మెసేజ్ వెళ్లాలి. కావాలనే సమన్లు తప్పించుకుని తర్వాత వచ్చి ఏడ్చేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకుంటాను. ఆ మెసేజ్ వాళ్లనీ పట్టిస్తుంది.

అప్పీలు వాయిదా వచ్చే నెలలో ఉంది. తేదీ ఎలా తెలిసిందంటారా? కోర్టు నుంచి నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ కూతురు