దరువు నిలబెట్టే చెయ్యి

నల్లగొండ

బిడ్డా,

దసరాకు వచ్చినప్పుడు మన వాదన సగంలోనే ఆగిపోయింది. బస్సు టైమ్ అయిందని నువ్వు లేచావు. అప్పటి నుంచి నా మనసులో అదే నలుగుతోంది.

పంక్ రాక్ డ్రమ్మర్లలో టాపర్ హెడన్‌ను మించినవాడు లేడన్నావు. పనితనంలో కాదనను. ద క్లాష్ అనే పంక్ బ్యాండ్‌లో ఆయన రెగ్గే వాయించాడు, జాజ్ వాయించాడు. 1982 నాటి ‘రాక్ ద కాస్బా’లో డ్రమ్సే కాదు, బేస్ గిటార్, పియానో కూడా ఆయనవే. అదే ఏడాది హెరాయిన్ అలవాటు వల్ల బ్యాండ్ ఆయన్ను పక్కన పెట్టింది. అంతటి చేతులున్న మనిషికి అలా జరగడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా ఓటు మాత్రం రామోన్స్ బ్యాండ్ డ్రమ్స్ వాయించిన టామీకే. అసలు ఆయన డ్రమ్మరే కాదు, బ్యాండ్ వ్యవహారాలు చూసుకునేవాడు. వచ్చినవాళ్లెవరూ కుదరక తానే కూర్చున్నాడు. 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో 14 పాటలు, అన్నీ కలిపి అరగంట కూడా లేవు. హై-హ్యాట్ మీద, అంటే ఆ జంట తాళాల మీద, ఆ కుడిచెయ్యి విను, ఎక్కడా తడబడదు. అన్నీ ఒక్కతీరే ఉన్నాయన్నావు. నిజమే, టాపర్‌కున్న రకాలు ఆయన దగ్గర లేవు. కానీ పెద్దగట్టు జాతరలో బేరీల మోత విన్నావు కదా, విసుగొచ్చి వెనక్కి తిరిగినవాళ్లను ఎవరినైనా చూశావా?

పీర్ల పండుగకు నేను మొదటిసారి డప్పు పట్టిన రాత్రి నీకు చెప్పలేదు. ఉత్సాహం పట్టలేక చిర్రతో, అదే డప్పు కొట్టే కర్రతో, నాలుగు దెబ్బలు ఎక్కువ వేశాను. గుండం చుట్టూ ఎగిరేవాళ్ల కాళ్లు ఒక్కసారి తడబడ్డాయి. తాత వచ్చి నా మణికట్టు పట్టుకుని, "వాళ్ల అడుగు చూడు, నీ చెయ్యి కాదు" అన్నాడు. ఆ పట్టు ఇంకా గుర్తుంది.

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. మొదలు బాగుంది. రెండో పల్లవికి వచ్చేసరికి నీ చెయ్యి ముందుకు ఉరుకుతోంది, గిటార్ అబ్బాయి వెంటపడలేక అవస్థ పడుతున్నాడు. డ్రమ్ పుల్లలను పిసికి పట్టకు, ముంజేయి బిగుసుకుపోతుంది. అందుకే కంగారొస్తుంది. చిర్రయినా అంతే, వేళ్ల మధ్య ఆడాలి. రోజూ అరగంట టామీ పాట ఒక్కటే వాయించు, హంగులేమీ లేకుండా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పుల్లలు తెచ్చుకో. డప్పు కాపి ఉంచుతా. టాపర్ సంగతి అప్పుడు తేల్చుకుందాం.

మీ నాయిన