అగ్గిపెట్టెకూ ఒక చరిత్ర ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఎవరూ పట్టించుకోని చిన్న విషయాల మీద చరిత్ర పుస్తకాలు రాసే రచయితల గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ చివర్లో అదంతా ‘సరదా కాలక్షేపం’ అని తేల్చేశారు చూశారూ, అక్కడే నాకు చిరాకేసింది.

అగ్గిపుల్లనే తీసుకోండి. 1888లో లండన్‌లోని ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది ఆడవాళ్లు, అందులో చాలామంది ఇంకా చిన్నపిల్లలే, పని ఆపేసి బయటికొచ్చేశారు. కాళ్లకు మురికి ఉంటే మూడు పెన్నీలు జరిమానా, పనిలో మాట్లాడితే జరిమానా, ఇవి చాలవన్నట్టు పుల్లల మందులో ఉండే తెల్ల భాస్వరం పీల్చి పీల్చి కొందరికి దవడ ఎముకే కుళ్లిపోయేది. ఈ సంగతులు పత్రికలో రాసి గొడవ చేసింది అనీ బిసెంట్. అవును, మన హోంరూల్ బిసెంటే! పాఠ్యపుస్తకంలో ఆ ముక్క నేనైతే ఎక్కడా చదవలేదు. తెల్ల భాస్వరం అగ్గిపుల్లల్ని నిషేధించాలని కొన్ని దేశాలు బెర్న్‌లో ఒప్పందం చేసుకునేసరికి 1906 వచ్చింది.

రాజుల కథలైతే శాసనాల్లో దొరుకుతాయి. ఇలాంటివి మాత్రం పాత జీతాల పుస్తకాలూ ఆస్పత్రి రికార్డులూ ఓపిగ్గా తిరగేస్తే గానీ బయటపడవు. అంత చాకిరీని కాలక్షేపం అనేస్తే ఎలాగండీ? వచ్చేసారి అలాంటి పుస్తకాన్ని సమీక్షకు ఇచ్చేటప్పుడు, కాస్త చరిత్ర తెలిసినవాళ్ల చేతికివ్వండి.

— ఒక పాఠకుడు