పిల్లల మూత్రంలో అయోడిన్ పరీక్షలపై ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ల్యాబ్‌లో మూత్రంలోని అయోడిన్ కొలిచే పని తెలిసినవాడిగా ఇది రాస్తున్నాను. పిల్లలకు అయోడిన్ సరిపోతోందో లేదో చూడటానికి బడి పిల్లల మూత్రం శాంపిళ్లతో మీరు తలపెట్టిన సర్వే మంచి పనే. మనం తిన్న అయోడిన్‌లో 90 శాతానికి పైగా మూత్రంలోనే పోతుంది కాబట్టి, ఈమధ్య ఒంట్లోకి ఎంత చేరిందో అక్కడే తెలుస్తుంది. మెడ తడిమి గాయిటర్ (అయోడిన్ లోపంతో వచ్చే థైరాయిడ్ గ్రంథి వాపు) వెతకడం వల్ల ఇప్పటి సంగతి తెలియదు. ఉప్పులో అయోడిన్ కలిపాక కూడా ఆ వాపు తగ్గడానికి ఏళ్లు పట్టవచ్చు.

నా టెన్షనంతా అంకెలు చేతికొచ్చాక ఏం చేస్తారన్నదే.

ఒకే పిల్లాడి మూత్రంలో అయోడిన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నీళ్లు ఎక్కువ తాగితే పలచబడుతుంది, నిన్న తిన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక్క పిల్లాడి సంగతి కాస్త నమ్మకంగా చెప్పాలన్నా పది దాకా శాంపిళ్లు కావాలి. అందుకే ఈ పరీక్ష చూసేది గుంపును, మనిషిని కాదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లల గుంపులో మధ్యగతం (అందరి అంకెలను వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) లీటరుకు 100 నుంచి 199 మైక్రోగ్రాములు ఉంటే సరిపోయినట్టని, 20 కంటే తక్కువైతే తీవ్ర లోపమని, 300, ఆపైన ఉంటే మితిమీరినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మధ్యగతం 130 వచ్చిందనుకోండి. వాళ్లలో కొంతమంది అంకె ఆ రోజు 100 లోపే ఉంటుంది. వాళ్లను లెక్కపెట్టి ‘ఇంత శాతం పిల్లల్లో లోపం’ అని ప్రెస్ నోట్ ఇస్తే అది శుద్ధ తప్పు. ఆ కంగారులో ఉప్పులో అయోడిన్ పెంచారంటే కొత్త తలనొప్పి, ఎందుకంటే ఎక్కువైనా థైరాయిడ్‌కు ఇబ్బందే. బడి నుంచి ‘మీ అమ్మాయికి లోపం ఉంది’ అని చీటీ పంపడం అంతకంటే అన్యాయం.

ఇంకో మాట. పిల్లల అంకె బాగుందని గర్భిణులను వదిలేయకండి. వాళ్లకు మధ్యగతం కనీసం 150 ఉండాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదిగేది ఆ అయోడిన్‌తోనే. పిల్లల్లో 110 వచ్చి అందరూ చప్పట్లు కొడుతున్న చోటే తల్లులకు చాలకపోవచ్చు.

ల్యాబ్ విషయానికొస్తే, చాలాచోట్ల వాడేది 1937 నాటి శాండెల్-కోల్తాఫ్ పద్ధతే. ఇందులో సీరియం అనే లోహం కలిసిన పసుపు రంగు ద్రావణం కళ్లముందే వెలిసిపోతుంది; అయోడిన్ ఎంత ఎక్కువుంటే అంత త్వరగా. చవకైనదే, కానీ పక్క బల్ల మీద గాయాలకు పూసే అయోడిన్ మందు సీసా మూత తీసి ఉన్నా ఫలితం పాడైపోవచ్చు. పైగా ఇందులో ఆర్సెనిక్ వాడతారు, ఆ వ్యర్థాలను సింకులో పారబోయకూడదు. బడ్జెట్‌లో దీనికి పైసా కేటాయించకుండా సర్వే మొదలుపెట్టకండి.

నేను కోరేది పెద్దదేం కాదు. రిపోర్టులో మధ్యగతం, ఎంతమంది శాంపిళ్లు తీశారు, అంకెలు ఎలా పరుచుకున్నాయి, బయటివాళ్లు పెట్టే నాణ్యతా పరీక్షలో ల్యాబ్ నెగ్గిందా లేదా, ఇవన్నీ ప్రజల ముందు పెట్టండి. గర్భిణుల శాంపిళ్లు కూడా ఈ సర్వేతోపాటే తీయించండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి