మొక్కతో పాటు మన్ను కూడా ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

తిత్లీ తుపాను వచ్చి ఇన్నేళ్లయినా మా ఉద్దానంలో ఎవర్ని కదిపినా పోయిన చెట్ల లెక్కే ముందు చెబుతారు. 2018 అక్టోబరు 11న తెల్లారేసరికి మా ఎకరన్నర జీడితోటలో నిలబడి ఉన్నవి ఏడు చెట్లు. కొబ్బరి సంగతి ఇక చెప్పను. తర్వాత అంటు మొక్కలు ఇచ్చారు, నాటాం. బిందెలతో నీళ్లు మోసినా మొదటి వేసవికే సగానికి పైగా ఎండిపోయాయి. ఇచ్చినవాటికి లెక్క ఉంది, చచ్చినవాటికి లేదు.

బతికినవి ఎక్కువగా ఆ ఏడు చెట్ల దగ్గర నాటినవే. నీడ వల్ల అనుకున్నాను. వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు ఒప్పుకోలేదు. మళ్లీ నాటేటప్పుడు ఒక వరసకి, గుంటకు రెండు దోసిళ్ల చొప్పున, పాత చెట్టు మొదట్లో సన్నవేళ్లతో సహా తవ్విన మన్ను వేయించింది. రెండో వరసకి మామూలుగా గుప్పెడు డీఏపీ, అదే భాస్వరం ఎక్కువుండే ఎరువు. నీళ్లు రెండింటికీ ఒకటే. మొదటి వరసలో పదకొండింటికి తొమ్మిది నిలిచాయి, రెండోదాంట్లో నాలుగు. డీఏపీ వేడికే పోయాయని మా ఆవిడ వాదన. రెండు వరసలతో సైన్సు తేలదని నాకూ తెలుసు.

అయితే అసలు సంగతి శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలిసిందే. వేళ్లను అంటిపెట్టుకుని మైకోరైజా అనే బూజు ఉంటుంది. వేరు దూరలేని సందుల్లోకి దాని పోగులు దూరి నీరు, భాస్వరం తెచ్చిపెడతాయి. చెట్టు తన ఆకులో చేసుకున్న చక్కెరలోంచి దానికి కూలి ఇస్తుంది. భాస్వరం ఎరువు దండిగా పడితే చెట్టుకు ఆ కూలీతో పని ఉండదు, బూజు తగ్గిపోతుంది. రోటవేటరు తిప్పినప్పుడల్లా పోగులు తెగుతాయి. చెట్లు పడిపోయి నేల ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, తిండి పెట్టే వేరు లేక అదీ క్షీణిస్తుంది. మా తీరంలో సరుగుడు ఉత్త ఇసుకలో ఏపుగా లేస్తుందంటే, దాని వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టిచ్చే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండబట్టే.

ఇప్పుడు వానలు ఒక్క పూటలో కుమ్మరించి నెలరోజులు మొహం చాటేస్తున్నాయి. బెట్టను తట్టుకునే రకాల మీద సభలు పెడుతున్నారు, పెట్టండి. కానీ నర్సరీ కవర్లలో మన్ను నింపేటప్పుడే మైకోరైజా కలపమని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. అది బజార్లో దొరికేదే. కుదరకపోతే తెగులు లేని తోట మన్నైనా కలపండి. ఏడాది తర్వాత ఒకరు వచ్చి ఎన్ని బతికాయో లెక్క రాసుకోవాలి.

ఈ తొలకరికి పక్క రైతులు నలుగురు నన్ను మన్ను అడిగారు. ఏడు చెట్ల మొదట్లో ఎంతని తవ్వి ఇవ్వగలను?

— ఒక జీడి రైతు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా