అన్నం తగ్గించండి, నూనె తాగకండి

సంపాదకులకు,

అన్నం మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే కొవ్వు దానంతటదే కరిగిపోతుంది అని ఆరోగ్యం పేజీల్లో తరచూ రాస్తున్నారు. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగాన్ని నమ్మి, అన్నం బదులుగా, కోనసీమలోనూ, భీమవరం వైపునా పొద్దున్నే కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని తాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట సరిచేయాలని ఈ లేఖ.

తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరగ్గానే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. అది కొవ్వు కణాల్లో నిల్వను కరిగించే ఎంజైమును ఆపుతుంది. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ పడిపోయి, నిల్వలను బయటికి తీయించే హార్మోను గ్లూకగాన్‌ది పైచేయి అవుతుంది. కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి, కాలేయం వాటిలో కొన్నింటిని ఒళ్లు ఇంధనంగా వాడుకునే కీటోన్లుగా మారుస్తుంది. రోజుకు 50 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే కొద్దిరోజుల్లోనే ఈ స్థితి వస్తుంది. ఆకలి కూడా కొంత మందగిస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. కానీ ఇన్సులిన్ తగ్గడమంటే గాదె తలుపు తెరుచుకోవడమే. ఒకవైపు తీస్తూ రెండోవైపు పోస్తుంటే గాదె ఖాళీ అవదు. అలా తాగే నూనె 70 గ్రాములైతే 630 కిలోకేలరీలు. అవి ఖర్చయ్యేదాకా నడుము చుట్టూ ఉన్న కొవ్వు ఆ మేరకు అక్కడే ఉంటుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు దీన్నే పరీక్షించి 2016లో ప్రచురించారు. అధిక బరువున్న 17 మంది మగవాళ్లను వార్డులోనే ఉంచి, నాలుగు వారాలు పిండిపదార్థం ఎక్కువున్న భోజనం, తర్వాత నాలుగు వారాలు కీటో భోజనం (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచినది), కేలరీలు సమానంగా పెట్టారు. ఇన్సులిన్ దాదాపు సగానికి పడింది. ఒంటి కొవ్వు తగ్గే వేగం మాత్రం పెరగలేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని ఏడాదిపాటు గమనిస్తే, పిండిపదార్థం తగ్గించినవాళ్లు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రాదు.

మరి మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు ఎలా పోతాయి? కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే నిల్వ ఉంచుకున్న పిండిపదార్థం, ఉంటుంది. ప్రతి గ్రాము తనతోపాటు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ముందు పోయేది అదే. పైగా ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును బయటికి వదిలేస్తాయి. అందుకే మూడు నాలుగు రోజులకు మంచం మీంచి లేస్తే కళ్లు తిరగడం, తలనొప్పి, రాత్రి పిక్కలు పట్టేయడం. చాలామంది దీన్ని నీరసమనుకుని ఇంకా నీళ్లు తాగుతారు. నాలుగు లీటర్ల ఉత్త నీళ్లు తాగితే ఉప్పు మరింత పలచబడుతుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు పెద్ద గ్లాసు మజ్జిగలో పావు చెంచా ఉప్పు కలుపుకుని రోజుకు రెండుసార్లు తాగితే చాలావరకు సర్దుకుంటుంది. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ రంగు మారిందని సంబరపడేవాళ్లకు ఒక మాట: ఆ కీటోన్లు తాగిన నూనెవీ కావచ్చు. పట్టీని కాదు, నడుము కొలతను నమ్మండి.

ఆకుపచ్చని వరి మధ్య బతుకుతూ అన్నం పూర్తిగా మానేయడం ఎంతకాలం సాగుతుంది? రోజుకు 130 గ్రాముల పిండిపదార్థం దగ్గర ఆగితే చాలామందికి సరిపోతుంది. దాని లెక్క ఇది. పూటకు వండిన అన్నం 150 గ్రాములు, రెండు పూటలకు 84 గ్రాముల పిండిపదార్థం. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్టు, ఉప్మా లేకుండా, సుమారు 30. కూరగాయలు, ఒక కప్పు పెరుగు కలిపి 15. మాంసకృత్తుల కోసం 150 గ్రాముల శీలావతి గానీ బొచ్చె గానీ పులుసు, రెండు గుడ్లు. మనిషికి నూనె రోజుకు నాలుగు చిన్న చెంచాలు. అన్నాన్ని కంటితో కాకుండా కాటా మీద తూయండి. వదులుగా వేస్తే 150 గ్రాములు పట్టే గిన్నెలో గరిటెతో అదిమితే 200 దాటుతుంది, తగ్గడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ముందు చేప, కూర తిని అన్నం ఆఖర్న కలుపుకుంటే చక్కెర అంత ఎగదన్నదు.

రాగులు తింటే అన్నం మానినట్టే అనుకోవడం పొరపాటు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 70 గ్రాములు, బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం గ్లైసీమిక్ ఇండెక్స్ (రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) తక్కువని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో చెప్పింది. మనం పండించే ఆ బియ్యాన్ని ముతకవని పక్కనబెట్టి సన్నబియ్యం కొంటున్నాం. అయినా స్వర్ణ అయితే రెండింతలు తినొచ్చని కాదు, చక్కెర కాస్త నిదానంగా ఎక్కుతుందంతే.

థైరాయిడ్ సంగతి ఒకటి చెప్పాలి. తిండి బాగా తగ్గినప్పుడు టీ3 అనే థైరాయిడ్ హార్మోను తగ్గుతుంది, అది శరీరం పొదుపు చేసుకోవడం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని నడిపించే హార్మోను) మామూలుగా ఉంటే దీన్ని చూసి థైరాయిడ్ మాత్ర పెంచుకోకూడదు. ఆడవాళ్లలో నెలసరి తప్పితే, గర్భం కాదని తేలాక, తిండి మరీ తగ్గిందని అర్థం కావచ్చు. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు తగ్గినా చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ పెరగొచ్చు. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించాలి.

అన్నిటికన్నా భయపెట్టేది మందుల విషయం. షుగర్ జబ్బుకు వాడే గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ మాత్రలు అన్నం తగ్గినా ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటాయి. చక్కెర 70 దిగితే చెమటలు, వణుకు, తికమక. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. అదే జబ్బుకు వాడే, చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల ప్రమాదం వేరు. 2020లో పేటెంటు గడువు తీరాక డాపాగ్లిఫ్లోజిన్ చవకై చిన్న ఊళ్లలోనూ దొరుకుతోంది. ఇవి వాడుతూ అన్నం మానేస్తే రక్తం ఆమ్లమయమయ్యే కీటోయాసిడోసిస్ రావచ్చు. చక్కెర చాలాసార్లు 250 లోపే చూపిస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే గ్లూకోమీటరు అంకెను నమ్మకుండా ఆసుపత్రికి వెళ్లి, వాడుతున్న మాత్ర చీటీ చూపించి, రక్తంలో కీటోన్ల పరీక్ష అడగాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు సొంతంగా ఈ దారి పట్టకూడదు.

పిండిపదార్థం తగ్గించమని రాసే ప్రతి వ్యాసం పక్కన దయచేసి ఒక బాక్సు కట్టండి. అందులో ఈ నాలుగు మాత్రల పేర్లు, ఇన్సులిన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు ఉండాలి. మందును సొంతంగా ఆపకూడదని, అన్నం తగ్గించే ముందే డాక్టరుకు చెప్పి డోసు మార్పించుకోవాలని పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పోషకాహార నిపుణురాలు,
అమలాపురం