ఆ కంకర దారుల్ని అలాగే ఉండనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో గ్రావెల్ సైక్లింగ్ మీద, అంటే కంకర, మట్టి దారుల్లో సైకిల్ తొక్కడం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ తీరం, ఇటలీలో టస్కనీ కొండలు, ఫొటోలు అన్నీ కన్నుల పండువగా ఉన్నాయి. అయితే చివర్లో ఆ దారులకు తారు వేస్తే ఇంకా ఎక్కువమంది సైకిళ్లేసుకుని వస్తారని ఒక సలహా ఇచ్చారు. ఆ ఒక్క మాట మీదే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ రోడ్లు వేయించినవాణ్ణి. రోడ్ రోలర్ వెనకాల ఎండలో నడిచినవాణ్ణి. లారీలు, బస్సులు, అంబులెన్సులు తిరగాల్సిన దారికి తారు పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పక్కనే మంచి తారు రోడ్డు ఉండగా, పొలాల మధ్య నుంచో కొండ అంచు మీద నుంచో పోయే పాత కంకర దారికి కూడా తారు పూయాలనడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

కంకర రోడ్డంటే సగంలో ఆగిపోయిన పని అని చాలామంది అనుకుంటారు. రోడ్డు పని తెలిసినవాళ్లకు అది పూర్తయిన రోడ్డే. స్కాట్లండ్‌లో పుట్టిన జాన్ లౌడన్ మెకాడమ్ 19వ శతాబ్దం మొదట్లో చూపించింది ఇదే. కోసులు తేలిన చిన్న రాళ్లను పొరలుగా పరిస్తే, పైన తిరిగే బండ్ల బరువుకు అవే ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. మధ్యలో కాస్త ఎత్తు ఉంచి, నీళ్లు పక్కలకు జారిపోయేలా చూస్తే దారి నిలబడుతుంది. గుండ్రటి గులకరాళ్లు ఎంత పోసినా అలా బిగుసుకోవు. నేను ఆఫీసులో కాగితం మీద చదివిన ఈ సంగతి, రిటైరయ్యాక గ్రావెల్ సైకిల్ ఎక్కినప్పుడు అరచేతులకు తెలిసింది. కొట్టిన కంకర మీద హ్యాండిల్ నిలకడగా ఉంటుంది. అదే సముద్రం ఒడ్డున గులకరాళ్లలోకి దిగామా, ముందు చక్రం కూరుకుపోయి అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఈ సైకిళ్లకు 40, 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసేది అందుకే. గాలి కూడా 30, 35 పీఎస్ఐ దగ్గరే ఉంచుతాను. గట్టిగా కొట్టిస్తే వేగం పెరుగుతుందనుకుంటారు గానీ, అప్పుడు సైకిల్ ప్రతి రాయికీ ఎగిరిపడి, తొక్కిన బలమంతా ఆ ఎగురుడుకే ఖర్చయిపోతుంది.

ఇక కార్న్‌వాల్ సంగతి. మీ వ్యాసం తీరాన్ని వర్ణించింది గానీ కాళ్ల కింద ఉన్న దారి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దక్షిణ తీరాన డెవొరాన్ నుంచి ఉత్తర తీరాన పోర్ట్‌రీత్ దాకా ఒక దారి ఉంది, 18 కిలోమీటర్లు ఉంటుంది. అది సరదా కోసం వేసింది కాదు. రాగి గనుల నుంచి రేవులకు ఖనిజం తోలడానికి వేసిన పట్టాల దారి. పోర్ట్‌రీత్ వైపు పని 1809లో మొదలైంది. అప్పటికి అక్కడ ఆవిరి ఇంజన్లు బండ్లు లాగడం లేదు, గుర్రాలే లాగేవి. కార్న్‌వాల్‌లో రాగి ఉంది గానీ దాన్ని కరిగించడానికి బొగ్గు లేదు. అందుకే ఖనిజం ఓడలకెక్కి వేల్స్ వెళ్లేది, అవే ఓడల్లో గనుల్లో నీళ్లు తోడే ఇంజన్లకు బొగ్గు వచ్చేది. కిందికి ఖనిజం, పైకి బొగ్గు, మధ్యలో గుర్రం. కాబట్టి ఆ ఎత్తుపల్లాలను గుర్రం ఓపిక చూసి కట్టారు. ఎక్కడా ఊపిరాడనంత ఎక్కుడు ఉండదు. నా వయసులో ఉన్నవాళ్లు కూడా గేరు తగ్గించుకుని మాట్లాడుకుంటూ తొక్కగలిగే దారి అది.

పోర్ట్‌రీత్ వైపు కొన్నిచోట్ల సైకిల్ దిగి వంగి చూస్తే, కంకరలోంచి గ్రానైటు దిమ్మెలు తలలు బయటపెట్టి కనిపిస్తాయి. పట్టాలను మోసిన దిమ్మెలవి. మేకు దిగిన రంధ్రం ఇప్పటికీ అలాగే ఉంది. నేను చిటికెన వేలు పెట్టి చూశాను. లోపల ఇసుక, కాస్త నాచు. అంచులు మాత్రం ఇంకా అరగలేదు. రెండు వందల ఏళ్ల కిందట ఏ కూలీ తొలిచాడో గానీ పని చూస్తే ముచ్చటేసింది. ఇంత దూరానికి ఇన్ని దిమ్మెలని లెక్క పెట్టుకుని చెక్కి పాతినవాళ్ల పని విలువ మా వృత్తిలో ఉన్నవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఇప్పుడు చెప్పండి, దీని మీద మూడంగుళాల తారు పోస్తే ఏం మిగులుతుంది?

అదే దారిలో పోల్డైస్ లోయ వస్తుంది. గనుల్లోంచి తీసి పోసిన మట్టిలో ఆర్సెనిక్ అనే విషం ఉండటం వల్ల చాలాచోట్ల ఇప్పటికీ గడ్డి మొలవదు. మట్టి పసుపు, ఎరుపు, ఊదా రంగుల్లో చారలు చారలుగా ఉంటుంది. చక్రాలకు ఆ దుమ్ము అంటుకుంటే ఎక్కడ నుంచి వచ్చామో టైరు చూసి చెప్పొచ్చు. ఈ కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంజన్ గదులు, పొగగొట్టాలే కాదు, ఖనిజం తోలిన ఈ దారులు కూడా ఆ వారసత్వంలో భాగమే.

పడమర తీరాన బొటాలక్ దగ్గర కొండ చివరన రెండు ఇంజన్ గదులు ఉన్నాయి. మీరు వేసిన ఫొటో అదే. ఆ గని సొరంగాలు అక్కడి నుంచి సముద్రం అడుగుకు పోతాయి. అక్కడికి కాస్త ఉత్తరాన లెవంట్ గనిలో 1919లో, మనుషుల్ని కిందికీ పైకీ చేరవేసే యంత్రం విరిగి 31 మంది చనిపోయారు. సైకిల్ యాత్ర వ్యాసంలో ఇదెందుకు అనకండి. అక్కడ నిలబడ్డాక ఆ 31 మందిని తలచుకోకుండా ఫొటో తీసుకుని పోవడానికి నాకైతే మనసొప్పలేదు. ఆ ఇంజన్ గదుల దాకా నేను నడిచే వెళ్లాను, సైకిల్ పైన వదిలేసి.

నడవడానికి మరో కారణం చట్టం. ఇంగ్లండ్‌లో కేవలం కాలినడకకు ఉద్దేశించిన బాటల మీద సైకిల్ తొక్కే హక్కు లేదు. గుర్రాలు పోయే బాటల మీద 1968 చట్టంతో ఆ హక్కు వచ్చింది. అదైనా నడిచేవాళ్లకు, గుర్రపు స్వారీ చేసేవాళ్లకు దారి ఇవ్వాలన్న షరతుతో. తీరం వెంబడి వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్, దొంగసరుకు దింపేవాళ్లను కనిపెట్టడానికి తీర రక్షకులు గస్తీ తిరిగిన బాట. దానిలో చాలా భాగం నడిచేవాళ్లదే. మీ వ్యాసం చదివితే అదంతా సైకిల్ దారే అనిపిస్తుంది. 2021లో వచ్చిన వెస్ట్ కెర్నో వే సంగతి వేరు. పెన్‌జాన్స్ నుంచి బయల్దేరి తిరిగి అక్కడికే వచ్చే ఆ రూట్‌ను సైకిళ్లకు హక్కున్న బాటలను వెతికి కలిపి తయారు చేశారు. దాన్ని పరిచయం చేసి ఉంటే పాఠకులకు మేలు జరిగేది.

టస్కనీలోని తెల్ల కంకర దారుల విషయంలోనూ అసలు కథ వదిలేశారు. అక్కడ తారు వేసుకుంటూ పోతున్నారనే బాధతోనే జాన్‌కార్లో బ్రోచి అనే ఆయన 1997లో గయోలె ఇన్ క్యాంటి అనే చిన్న ఊళ్లో లెరోయికా అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. పాత సైకిళ్లు, పాతకాలం ఉన్ని జెర్సీలు, తెల్లటి దుమ్ము. మొదటిసారి 92 మంది వచ్చారు. పదేళ్లు తిరిగేసరికి, 2007లో, అవే దారుల మీద ప్రొఫెషనల్ రేసు వచ్చింది. ఇవాళ ప్రపంచంలో పేరున్న సైక్లిస్టులంతా గెలవాలని కలలుగనే స్ట్రాడె బియాంకె అదే. తారు వేసి ఉంటే ఆ రేసే లేదు. జనం వస్తారని తారు వేయమన్నారు మీరు. అక్కడ జనం వచ్చింది తారు లేనందుకే. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన 1984 నుంచి పొలాల మట్టిబాటల మీద జరుగుతున్న ట్రో బ్రో లెయోన్ రేసుదీ ఇదే దారి. అక్కడి బ్రెటన్ భాషలో చదువు చెప్పే బడికి విరాళాల కోసం మొదలైన రేసు అది.

తారు వేయనంత మాత్రాన దారి తనంతట తాను బతికిపోదు. రోడ్డుకు మొదటి శత్రువు నీరు. దిగుడులో వెనక బ్రేకు బిగించి చక్రాన్ని జర్రున జారిస్తే సన్నటి గాడి పడుతుంది. తర్వాతి వానకు నీళ్లు ఆ గాడినే వెతుక్కుంటాయి, నాలుగు వానలకు అది కాలువవుతుంది. బురదను తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డి మీద నుంచి పోతే దారి వెడల్పవుతూ పక్క కాలువ పూడిపోతుంది. దీనికి విరుగుడు తొక్కేవాళ్ల చేతుల్లోనే ఉంది. దిగుడుకు ముందే వేగం తగ్గించడం, రెండు బ్రేకులూ మెల్లగా వాడటం, బాగా నానిన రోజున ఆ దారి జోలికి పోకపోవడం. తెరిచిన గేటు తిరిగి వేయడం వేరే చెప్పక్కర్లేదు, అది పొలం మనిషికి మనం ఇచ్చే కనీస మర్యాద.

కాబట్టి నా మనవి ఒక్కటే. మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు పక్కన చిన్న బాక్స్ కట్టండి. ఏ బాట మీద సైకిల్‌కు హక్కుంది, ఎక్కడ దిగి నడవాలి, గాలి ఏ దిక్కు నుంచి కొడుతుంది, పోటు ఎప్పుడొస్తుంది. కార్న్‌వాల్‌లోనే సెయింట్ మైకేల్స్ మౌంట్ అనే దీవికి పోయే రాతి బాట పోటు వస్తే మునిగిపోతుంది. ఇంగ్లండ్ ఉత్తరాన లిండిస్ఫార్న్ దీవి రోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది. వేళలు చూసుకోకుండా బయల్దేరితే ప్రాణం మీదికొస్తుంది. ఉప్పు గాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఆ రోజు సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె వేయాలని కూడా రాయండి. తారు సలహా మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
రోడ్ల పనిలో జీవితం గడిపిన ఒక రిటైర్డ్ ఇంజనీరు